కర్త పేరు తెలియదు

పోయిన వారం నా ఫోనుకు ఒక మెయిలు వచ్చింది. పంపినామె ఎవరో నాకు తెలియదు. విశాఖపట్నంలో సంగీతం చదువుకుంటున్న అమ్మాయి. ఒక గ్రంథాలయం వెబ్‌సైటులో మా అవ్వ పాటల పుస్తకం చూసిందట. అందులోని ఒక జోలపాటకు వరస కట్టి కాలేజీలో పాడుకోవచ్చా అని అడిగింది. నిజానికి అడగనక్కరలేదు. అమ్ముకోకుండా, రాసినామె పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చని ఆ పుట కిందనే రాసి ఉంది. అయినా అడిగింది. మొదట నేను దాన్ని లోను ఇస్తామని వచ్చే మెయిళ్లలో ఒకటనుకుని చెరిపేయబోయాను. ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేసినదాన్ని, తెలియని పేరు కనపడితే చెయ్యి దానంతటదే అటు పోతుంది. ఇంతలో అవ్వ పేరు కంటబడి ఆగాను. పాడుకోమ్మా అని రెండు ముక్కలు రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మా అవ్వను, అంటే నాయన తల్లిని, నేను చూడలేదు. పొల్లాచ్చి అవతల నల్లరేగడి చేల మధ్య మా ఊరు. పత్తి, జొన్న పండించుకునే ఇళ్లు. మావాళ్లు ఎన్ని తరాల కిందట తెలుగుదేశం విడిచి వచ్చారో ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పేవారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా మాట మాకు నోటికి తెలుసు గాని కంటికి తెలియదు. అవ్వ తమిళ బడిలో మూడో తరగతి దాకా చదివింది. ఆ వచ్చిన అక్షరాలతోనే తన తెలుగు పాటలన్నీ ఒక పొడుగాటి నోటుబుక్కులో రాసుకుంది. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం. త, ద లకు ఒకటే. ప, బ లకూ అంతే. కాలి అని రాసినా గాలి అని రాసినా రూపం ఒకటే. పాట తెలిసినవాళ్లకు ఇందులో చిక్కేమీ లేదు, తెలియనివాళ్లకు మాత్రం మాటమాటకూ అనుమానమే. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ముప్పై దాటాక, చిత్తూరు బ్రాంచికి బదిలీ అయినప్పుడు. అక్కడ నా మాట విని కౌంటరు అవతలి రైతులు "ఏ ఊరమ్మా మీది, మా ముత్తవ్వ మాట్లాడినట్టు మాట్లాడతావే" అని నవ్వేవారు. అది మెప్పో ఎగతాళో ఇప్పటికీ నాకు తేలలేదు.

మా నాయనకు తాటాకు కట్టలంటే గొప్ప గౌరవం. పశువుల వైద్యం, వాన లెక్కలు, ఇంకా ఏవేవో ఉన్న కట్టలు ఒక టేకు పెట్టెలో ఉండేవి. వాటిని చదవగలిగినవాళ్లు ఇంట్లో లేరు గనక గౌరవం ఇంకా ఎక్కువ. నేను కాలేజీలో ఉండగా మదురైలోని ఒక గ్రంథాలయం వాళ్లు జీపులో వచ్చి వాటిని అడిగారు. నాయన ఒక కాగితం మీద సంతకం పెట్టి, పెట్టెతో సహా ఇచ్చేశాడు. ఆ రోజంతా ఊళ్లో తలెత్తుకుని తిరిగాడు. పెట్టె అడుగున అవ్వ నోటుబుక్కు ఉందన్న సంగతి ఆయన ఎరిగే ఉంటాడు, ఆడవాళ్ల పాటలే కదా అనుకుని ఉంటాడు. నాయనకు ఒకే ఒక అక్క, సూలూరులో ఇచ్చారు. ఆ ఏడు మా ఇంటికి వచ్చినప్పుడు అత్త ఆ పుస్తకం అడిగింది. "మదురైలో భద్రంగా ఉండాదక్కా, ఇక్కడుంటే చెద తినేది" అన్నాడు నాయన.  ఆ పూట అత్త అన్నం తినకుండానే బస్సెక్కిందని అమ్మ చాలా ఏళ్లు చెప్పుకునేది. అక్కకు ఎందుకంత కోపం వచ్చిందో తెలుసుకోకుండానే నాయన పోయాడు.

తరవాత ఆ గ్రంథాలయం తన దగ్గరున్నవన్నీ ఫోటోలు తీసి ఇంటర్నెట్లో పెట్టింది. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. మూడేళ్ల కిందట చిత్తూరు నుంచి నా పాత స్నేహితురాలు ఒక పుస్తకం పంపింది. దక్షిణాన స్థిరపడ్డ తెలుగువాళ్ల పాటల మీద ఒక అధ్యాపకురాలు రాసినది. "మీ ఊరి పేరుంది చూడు" అని లోపల చీటీ పెట్టింది. వాన పాటల అధ్యాయంలో ఉంది మా ఊరి పేరు. కింద గ్రంథాలయం పేరు, నోటుబుక్కు సంఖ్య, ఆపైన "కర్త పేరు తెలియదు" అని.  ఆ ఆదివారమే గాంధీపురం బస్టాండులో సూలూరు బస్సెక్కాను.

అత్తకు అప్పటికి ఎనభై మూడేళ్లు. ఇంటిని ఆనుకునే కొడుకు పవర్‌లూమ్ షెడ్డు. ఆ చప్పుడులో బతికి బతికి ఆ ఇంట్లో అందరికీ గట్టిగా మాట్లాడటం అలవాటు. పక్కనే వాయుసేన స్థావరం, పైన విమానం పోతే మాత్రం ఎవరు ఏ మాటలో ఉన్నా ఆపి, అది దాటాక అక్కడినుంచే మొదలుపెడతారు. నేనూ అలాగే గట్టిగా చదివాను.

"నల్లరేగడి దారిలో నా గొడుగు పోయె, వాన వెలిసిన పొద్దుకు వట్టి చేతుల వస్తి." ఇది పొలం పనికి పోయే ఆడవాళ్ల సరదా పాట అని, గొడుగు పోగొట్టుకున్న కోడలు అత్తగారికి ఏం చెప్పాలా అని దిగులు పడుతోందని కింద వివరం.

అత్త చిక్కుడుకాయలు తుంచుతున్న చేతులు ఆపింది. "ఇంగొక్కసారి చదువు" అంది. చదివాను.

"గొడుగు కాదు కన్నా. కొడుకు."

నాకు వెంటనే అర్థం కాలేదు. అత్త నెమ్మదిగా, ఆ చప్పుడులో నాకు వినపడీ వినపడనట్టుగా చెప్పింది. "మీ నాయనకు ముందర ఒక బిడ్డ ఉండె. మూడేండ్లవాడు. నాకు ఏడు. జొరం వచ్చి కన్ను తెరవలేదు. బండి కట్టుకోని పొల్లాచ్చికి పోతా ఉంటే వాన పట్టుకొనె. రేగట్లో బండి దిగబడిపాయె. అమ్మ వాణ్ని ఎత్తుకోని నడిచిపాయె. సాయంత్రం వాన నిలిచినాక వచ్చె. చేతిలో వాడు లేడు. నేను వాకిట్లోనే నిలబడి ఉంటిని." మళ్లీ ఒక చిక్కుడుకాయ తుంచి, "మీ నాయన అప్పుడు పుట్టలే. వానికి ఎవురూ చెప్పలే. పావం, వాడేం చేస్తాడు" అంది.

ఇన్నేళ్లకు నాయన మీది కోపం ఆ ఒక్క మాటతో తీర్చేసుకుంది. వినడానికి ఆయన లేడు.

నేను ఆ అధ్యాపకురాలికి ఉత్తరం రాశాను. వారం తిరక్కుండా ఫోను చేసింది. నేను చెప్పినదంతా వింది. తరవాత "నేను గ్రంథాలయం నియమాలన్నీ పాటించానండీ, వాళ్ల పట్టికలో ఉన్నది ఉన్నట్టు రాశాను" అంది. మళ్లీ తనే, "అది జవాబు కాదులెండి" అంది. తిరుపతి నుంచి రైల్లో వచ్చి, అత్త ముందు కింద కూర్చుని, తప్పు చదివానమ్మా అని చెప్పింది. "నీకెట్ల తెలుస్తాది టీచరమ్మా, నువ్వు ఆ వాకిట్లో లేవే" అని అత్త ఆమెకు కాఫీ కలిపించింది.

పట్టిక దిద్దాలంటే ఆధారం కావాలని గ్రంథాలయం వాళ్లు మర్యాదగానే రాశారు. మా నాయన ఇచ్చిన కాగితం తీసి చూస్తే అందులో తాటాకు కట్టల జాబితా మాత్రమే ఉంది, నోటుబుక్కు ప్రస్తావనే లేదు. అది మీ సొత్తే, కావాలంటే తిరిగి ఇచ్చేస్తాం, లేదా కొత్త అనుమతి ఇవ్వండి అన్నారు. నేను సంబరంగా పోయి అత్తకు చెప్పాను.  మర్నాడు ఆమే ఫోను చేసి, "నా దగ్గర ఉంటే నాతోనే పోతాది. ఆడనే ఉండనీ" అంది. కాగితం రాసేముందు ఒక్కసారి దాన్ని చూపించమంది. మదురైకి కారులో తీసుకుపోయాం. అక్కడివాళ్లు బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి దాని మీద పెట్టారు. అత్త పుటలు తిప్పలేదు. అట్ట మీద అరచెయ్యి ఆనించి అరగంట కూర్చుంది.

అనుమతి కాగితం మీద మాత్రం చాలాసేపు వాదించింది. అధ్యాపకురాలు ఒక్కో వాక్యం చదివి చెబుతుంటే, "ఎవరైనా అంటే ఎవురు?" అని అడిగింది.

"ఎవరైనానమ్మా. చదువుకునేవాళ్లు, పాడుకునేవాళ్లు. అమ్ముకోకూడదని రాయొచ్చు."

"సినిమాకారులు ఎత్తుకోని దీనికి ఆట ఆడిస్తే?"

"వద్దని రాద్దాం."

"మా అమ్మ పేరు?"

"పేరు చెప్పకుండా ఎవరూ వాడకూడదని మొదటి షరతుగా రాద్దాం. పేరేమిటమ్మా?"

నేను తలెత్తాను. యాభై ఏళ్లు దాటినా మా అవ్వ పేరు నాకు తెలియదన్న సంగతి ఆ క్షణం దాకా నాకే తట్టలేదు. అందరికీ ఆమె అమ్మ, అవ్వ, వదిన, కోడలు. అత్త ఆ పేరు చెప్పింది. చెప్పి, ఇంకెవరో పిలిచినట్టు ఒకసారి వాకిలి వైపు చూసింది.

అధ్యాపకురాలు ఆ తరవాత సెలవు దొరికినప్పుడల్లా వచ్చేది. ఆమె ఫోటోలు తెరిచి తమిళ అక్షరాలు కూడబలుక్కుంటుంటే, రెండు మాటలు వినగానే అత్త అందుకునేది. కరెంటు పోయి మగ్గాలు ఆగినప్పుడే రికార్డింగు. కరెంటు పోతే సంతోషించే ఇల్లు సూలూరులో అదొక్కటే అయ్యుంటుంది. జోలపాటలు, పత్తి తీసేటప్పటి పాటలు, పెండ్లిలో వియ్యపురాళ్లను దెప్పే పాటలు. కొన్నింటికి అత్తే సిగ్గుపడి కొంగు అడ్డం పెట్టుకునేది. నోటుబుక్కులో అరవైకి పైగా ఉన్నాయి. మేము పంతొమ్మిది ముగించాం.

ఆ శోకం పాట మాత్రం ఇంట్లో పాడనంది. "దీపం పెట్టే ఇంట్లో అది పాడకూడదు." కరెంటు లేని ఒక మధ్యాహ్నం షెడ్డు వెనక వేపచెట్టు నీడలో కుర్చీ వేయించుకుంది. కళ్లు మూసుకుని పాడింది. ముసలి గొంతు, మధ్యలో ఊపిరి అందలేదు, అయినా మాట తడబడలేదు. నోటుబుక్కులో ఉన్న ఆరు పాదాలూ అయ్యాయి. అప్పుడు కళ్లు తెరిచి, "ఇంగొకటి ఉండాది. అమ్మ రాయలే. నాకొక్కదానికే చెప్పె. ఆ ఫోను నిలుపు టీచరమ్మా" అంది. ఆమె ఆపింది. అత్త ఏడో పాదం పాడింది. బిడ్డను ఎక్కడ, ఎలా పడుకోబెట్టి వచ్చిందో ఆ పాదంలో ఉంది. "ఇది రాయొద్దు. మీరు ఇన్నారు, సాలు" అంది. మేమిద్దరం సరేనన్నాం. ఆ పూట అధ్యాపకురాలు బస్సు వరకూ నా చెయ్యి పట్టుకునే నడిచింది.

పంగుని నెల, అంటే మార్చి చివరి ఎండల్లో అత్తకు ఆయాసం ఎక్కువైంది. పది రోజులు ఆసుపత్రిలో ఉండి పోయింది. గ్రంథాలయం పట్టికను దిద్దింది అది జరిగిన రెండు నెలలకు. ఇప్పుడు అక్కడ కర్త పేరు దగ్గర మా అవ్వ పేరుంది, చదివి చెప్పినవారు అన్నచోట అత్త పేరు. మిగిలిన నలభై పైచిలుకు పాటలు కూడా అదే షరతు మీద అందరికీ తెరిచి ఉన్నాయి. ఎవరైనా చూడవచ్చు, దించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. ఇది కొడుకా గొడుగా అని అడగడానికి మాత్రం ఎవరూ లేరు. నేను ఒక్కోరోజు కూర్చుని ఒక పుట తెరిచి ప్రయత్నిస్తాను. మాటమాటకూ ఆగిపోతాను.

అత్తకిచ్చిన మాట ప్రకారం ఆ ఏడో పాదం నేను ఎక్కడా రాయలేదు. మనసులో చెప్పుకుంటూ ఉండేదాన్ని. ఈమధ్య ఒక మాట దగ్గర అనుమానం వచ్చింది. రెల్లు పరిచి అనా, ఆకు పరిచి అనా? అధ్యాపకురాలికి ఫోను చేశాను. ఆమె ఆ రెండూ కాదంది, కొంగు పరిచి అంది. తనకు బాగా గుర్తుందట. నాకూ బాగానే గుర్తుందనుకున్నాను.  డెబ్బై అయిదేళ్లు అత్త నోట చెక్కుచెదరని మాట మా ఇద్దరి దగ్గర ఒక ఏడాది నిలవలేదు.