ఎడమవైపు రెండుసార్లు

మా పీఈటీ సారు పోయారు. ఆ మాట మా అమ్మ పాలప్యాకెట్లు చేతిలో పట్టుకుని, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి చెప్పింది. పొద్దున్నే నడకకి బయల్దేరుతూ, వరండాలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటూ పక్కకి ఒరిగిపోయారట. వాళ్ళావిడ కాఫీ తెచ్చేసరికే అంతా అయిపోయిందట.

ఇలాంటి చోట గుండె ఆగినంత పనైందని రాయాలి. నేను రాయలేను. ఆ మాట విన్న మొదటి క్షణంలో నాకు ‘హమ్మయ్య’ అనిపించింది. ఇక నా సంగతి తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద ఎవరూ లేరనిపించింది. రెండో క్షణంలో నా మీద నాకే భయమేసి మంచం అంచున కూర్చుండిపోయాను. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, ఏడవరా నాన్నా, ఏడిస్తే తేలికవుతుంది అంది. నాకు ఏడుపు రాలేదు.

ఆ ‘హమ్మయ్య’ ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకు చెప్పాలి. అది దాచిపెట్టి ఆయన్ని ఎంత పొగిడినా దొంగ ఏడుపే అవుతుంది.

నేను ఫుట్‌బాల్ ఆటగాణ్ణి. వయసు ఇరవై రెండు. వేరే రాష్ట్రంలో ఒక ప్రొఫెషనల్ క్లబ్బుకి రెండేళ్ళుగా మిడ్‌ఫీల్డులో ఆడుతున్నాను. క్రికెట్టు తప్ప ఇంకో ఆట ఉందని ఒప్పుకోని మా విజయవాడ నుంచి ఇలాంటి ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళలో నాకంటే పిరికివాడు ఇంకొకడు ఉండడని పందెం కాస్తాను.

చిన్నప్పుడు నాకు భయం లేనిదంటూ లేదు. కుక్కలంటే భయం, ఉరుమంటే భయం. కృష్ణకి వరదొచ్చి బ్యారేజీ గేట్లు ఎత్తారంటే భవానీపురంలో మా ఇంటి మెట్లు కూడా దిగేవాణ్ణి కాదు. చర్చిలో పాస్టరుగారు నరకం గురించి మొదలుపెడితే అమ్మ కొంగులో తల దూర్చేవాణ్ణి. ఆరో తరగతిలో, గేమ్స్ పీరియడ్‌లో బంతి నా వైపు వస్తే వీపు తిప్పేసేవాణ్ణి. పిల్లలు నాకు ‘కోడిపిల్ల’ అని పేరు పెట్టారు.

సారు అదంతా ఓ వారం రోజులు చూశారు. పొట్టి మనిషి. నుదుటిన కుంకుమ బొట్టు, సుద్దముక్కతో రుద్ది తెల్లగా చేసుకున్న కాన్వాసు బూట్లు. ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, బంతి రాకముందు ఎటు చూస్తున్నావని అడిగారు. పారిపోవడానికి దారి చూసుకుంటున్నానని ఉన్నమాట చెప్పేశాను. ఆయన నవ్వలేదు. ఎన్ని దారులు కనిపించాయని అడిగారు. మూడు చూపించాను.

“ఒరేయ్, ధైర్యవంతుడు బంతినే చూస్తాడు. భయస్తుడు చుట్టూ చూస్తాడు. నాకు చుట్టూ చూసేవాడే కావాలి. నువ్వు పారిపోదామనుకున్న దారిలోకి బంతిని పంపు, చాలు. ఆ తర్వాత నువ్వెక్కడికి పారిపోయినా నేనేమీ అనను.”

నేను మిడ్‌ఫీల్డరునైంది అలాగే. ఆ వారం మా జట్టువాళ్ళు నా పాసులకి రెండు గోల్స్ కొట్టారు. నేను మాత్రం పాస్ ఇచ్చిన ప్రతిసారీ నిజంగానే పారిపోయాను.

మైదానం మధ్యలో ఆడేవాడి మీదికి నాలుగు వైపుల నుంచీ వస్తారు. బంతి కాలికి అందేలోపే కుడీ ఎడమా తల తిప్పి, ఎవరెక్కడున్నారో చూసి పెట్టుకోవాలి. ఆ తల తిప్పడం సారు నాకు గ్రౌండులో నేర్పలేదు, గవర్నర్‌పేటలో నేర్పారు. శనివారం సాయంత్రం స్కూలు వదలగానే తన మోపెడ్ ఎక్కించుకుని తీసుకెళ్ళి, ఆటోలూ సిటీ బస్సులూ స్కూటర్లూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయే రోడ్డు పక్కన నిలబెట్టేవారు. కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి చూడనిచ్చి, నా మొహాన్ని షాపుల వైపు తిప్పేసి ప్రశ్నలు వేసేవారు.

“ఎడం పక్కన ఏముంది?”

“ఆటో, సార్.”

“దాని వెనకాల?”

“సిటీ బస్సు.”

“రెంటికీ మధ్య?”

“ఖాళీ, సార్.”

“ఆ ఖాళీయే నీది. పద.”

అలా పదిసార్లు అటూ ఇటూ దాటించేవారు. ప్రతిసారీ నా పైప్రాణాలు పైనే పోయేవి. ఆయన వెనకనుంచి నా చొక్కా కాలరు పట్టుకునేవారు. లాగేవారు కాదు, ఊరికే పట్టుకుని ఉండేవారు. చెరుకురసం బండాయన మమ్మల్ని చూసి, వీళ్ళకేం పనీపాటా లేదా అన్నట్టు తలకాయ ఊపేవాడు. సంగతి తెలిసి అమ్మ స్కూలుకి వెళ్ళింది. బంతాట నేర్పమంటే మా ఒక్కగానొక్క పిల్లాణ్ణి బస్సుల కింద పెడతారా అని నిలదీసింది. సారు చేతులు కట్టుకుని అంతా విని, కాలరు వదలనండీ అని ఒక్క మాట అన్నారు. తర్వాతి శనివారం అమ్మే నాకు ఇస్త్రీ చొక్కా తొడిగి పంపింది.

“బాగా ఆడావు” అన్న మాట ఆయన నోట నేనేనాడూ వినలేదు. బాగా ఆడిన రోజున “ఇంటికెళ్ళి అన్నం తిను” అనేవారు. బాగా ఆడని రోజున అదీ ఉండేది కాదు. కింద పడిన పిల్లాడి మీద విజిల్ ఊదేవారు కాదు, వాడు లేచి మట్టి దులుపుకునేదాకా ఆగేవారు. ప్రతి క్రిస్మస్‌కీ మా ఇంటికొచ్చి, ప్రార్థన జరుగుతున్నంతసేపూ చివర్లో కూర్చుని కునికిపాట్లు పడేవారు. కేకు మాత్రం రెండో ముక్క అడిగి మరీ తినేవారు.

ఇరవయ్యో ఏట నాకు క్లబ్బులో చోటు దొరికింది. మొదటి మ్యాచ్ రోజున డ్రెస్సింగ్ రూమ్ బాత్రూములో వాంతి చేసుకుని, నోరు కడుక్కుని, అక్కణ్ణుంచే సారుకి ఫోన్ చేశాను. భయమేస్తోంది సార్, వచ్చేస్తాను అన్నాను. “వెయ్యనీరా. భయం పోయిన రోజున చెప్పు, అప్పుడు కంగారుపడదాం,” అన్నారు. ఆ రోజు చివరి ఇరవై నిమిషాలు ఆడాను. మ్యాచ్ అయ్యాక ఫోన్ చూసుకుంటే ఆయన మెసేజ్ ఉంది, ఇంటికెళ్ళి అన్నం తిను అని. నా ఇల్లు అక్కడికి ఒక రోజు రైలు ప్రయాణం. అయినా ఆ రాత్రి హాస్టల్లో రెండు ప్లేట్లు తిన్నాను.

రెండో సీజను మధ్యలో, గాల్లోకి ఎగిరి తలతో బంతిని కొట్టబోతుంటే అవతలివాడి మోచెయ్యి నా ఎడమ కంటికి తగిలింది. ఐసు పెట్టారు. వాపు వారంలో తగ్గింది. ఫిజియో ఎదురుగా వేలు పెట్టి కనబడుతోందా అంటే కనబడుతోందన్నాను. అది నిజమే. నెల తిరిగేసరికి ఆ కంటి చివర బూడిదరంగు కమ్మడం మొదలైంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, ఎడమ పక్కనుంచి వచ్చేది మీద పడేదాకా తెలీదు. నేనెవరికీ చెప్పలేదు. కాంట్రాక్టు అయిపోవస్తోంది. సీజను తర్వాత సెలవులిచ్చి, తిరిగొచ్చాక పరీక్షలు చేసి కొత్త కాంట్రాక్టు రాస్తామన్నారు. కన్ను సంగతి బయటపడితే ఎవరు రాస్తారు? నాకు చేతనైంది ఈ ఒక్క ఆటే. అది పోతే నేను మళ్ళీ కోడిపిల్లనే.

అందుకని ఎడమవైపు ఒకటికి రెండుసార్లు తల తిప్పి చూసుకోవడం మొదలుపెట్టాను. మా కోచ్ అది చూసి మురిసిపోయాడు. చూసి నేర్చుకోండి, వీడు క్షణం కుదురుగా ఉండడు, చుట్టూ చూస్తూనే ఉంటాడని అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

సారు మాత్రం మెచ్చుకోలేదు. నా మ్యాచులన్నీ ఆయన పగిలిన స్క్రీన్ ఫోన్‌లోనే చూసేవారు. సెలవులకి నేను ఇంటికొచ్చిన మర్నాడే మోపెడ్ వేసుకుని వచ్చి, నన్ను స్కూలు గ్రౌండుకి తీసుకెళ్ళారు. కుడివైపు ఒకసారి తిప్పుతున్నావు, ఎడమవైపు రెండుసార్లు తిప్పుతున్నావు, నేను అలా నేర్పలేదే అన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా కంటికేం కాలేదు సార్ అన్నాను. ఆయన కంటి మాట ఎత్తనే లేదు.

నన్ను ఎదురుగా చూడమని, తను నా ఎడమ భుజం పక్కకి వెళ్ళి నిలబడ్డారు. ఎన్ని వేళ్ళో చెప్పమన్నారు. రెండు అన్నాను. ఇప్పుడెన్ని అన్నారు. మూడు అన్నాను. ఏదో ఒకటి తగలకపోతుందా అని నోటికొచ్చిన అంకె చెప్పుకుంటూ పోయాను. చివరికి ఆయన నడుచుకుంటూ నా ముందుకొచ్చారు. ఆయన చేతులు రెండూ ప్యాంటు జేబుల్లో ఉన్నాయి. మొదటినుంచీ అక్కడే ఉన్నాయట.

“మీ క్లబ్బు డాక్టరుకి చెప్పు. పదిహేను రోజులు చూస్తాను. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను.”

భయపడ్డ కుక్క కరుస్తుందంటారు. నేనూ కరిచాను.

“మీరెప్పుడైనా క్లబ్బుకి ఆడారా సార్? మీకేం తెలుసు?”

పదకొండేళ్ళలో ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదలు, అదే ఆఖరు.

“ఆడలేదురా,” అన్నారు సారు. “నువ్వు ఆడుతుంటే చూశాను.”

తర్వాత మోపెడ్ ఎక్కించుకున్నారు. మా ఇంటి ముందు దింపి వెళ్ళిపోయారు. ఆ తర్వాత నేను ఆయన కంటబడకుండా తిరిగాను. ఆయన వెళ్ళే వీధి మానేశాను. ఫోన్ మోగితే, క్లబ్బు నుంచే అయ్యుంటుంది, చెప్పేసి ఉంటారని ఎత్తడానికి భయపడేవాణ్ణి. వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాను. పన్నెండో రోజు పొద్దున్నే అమ్మ పాలప్యాకెట్లతో గుమ్మంలో నిలబడింది.

పాడె మొయ్యడానికి ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళం ముందుకొచ్చాం. నేను ఎడమవైపు నిలబడ్డాను, పాడె నా కుడి భుజం మీద ఉంది. వీధి మలుపు తిరుగుతుంటే ఎడం పక్కనుంచి వచ్చిన బైకు నాకు కనిపించలేదు. హారన్ వినిపించేసరికే హ్యాండిల్ నా నడుముకి రాసుకుని పోయింది. నా కాలు తడబడింది, పాడె ఒక్కసారిగా పక్కకి ఒరిగింది. నలుగురూ చేతులడ్డం పెట్టి ఆపారు. లేకపోతే సారుని నడిరోడ్డు మీద పడేసి ఉండేవాణ్ణి. పాపం, గురువుగారి మీద బెంగతో తూలుతున్నాడని వెనక ఎవరో అన్నారు. నేను తల వంచుకుని నడిచాను.

మర్నాడు ఆంటీ రమ్మని కబురు పెట్టారు. సారు భార్యని పిల్లలమంతా ఆంటీ అనే పిలుస్తాం. సారు ఆవిడకి చెప్పేసి ఉంటారేమోనని, వాళ్ళ గేటు దగ్గర ఓ పది నిమిషాలు నిలబడి గానీ లోపలికి వెళ్ళలేకపోయాను. ఆవిడ బీరువాలోంచి ఒక చీటీ తీసి నా చేతికిచ్చారు. బెంజ్ సర్కిల్ దగ్గరి ఒక కంటి ఆసుపత్రిది.

“సారు కళ్ళు చూపించుకుంటానని టోకెన్ రాయించుకొచ్చారు నాన్నా. ఎల్లుండికి. వాళ్ళకి ఫోన్ చేసి ఇక రారని చెప్పవూ? నాకు నోరు రావట్లేదు,” అన్నారు. కళ్ళు తుడుచుకుంటూనే కొంచెం నవ్వారు. “మతిమరుపు మనిషి. వయసు ఎంతని రాయించారో చూడు.”

చీటీ మీద పేరు సారుదే. వయసు దగ్గర ఇరవై రెండు అని ఉంది.

నా పేరు బయటికి పొక్కకూడదని తన పేరు ఇచ్చారు. డాక్టరు దగ్గర అబద్ధం పనికిరాదని వయసు నాది ఇచ్చారు. ఎల్లుండి అంటే సరిగ్గా పదిహేనో రోజు. క్లబ్బుకి ఫోన్ చేసే ఉద్దేశం ఆయనకి ఉందో లేదో నాకు తెలీదు. నన్ను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళే ఉద్దేశం మాత్రం ఉంది.

ఫోన్ చేసి, ఆయన పోయారండీ, రద్దు చెయ్యండి అంటే అక్కడితో అయిపోయేది. ఆంటీకి అనుమానం రాదు, ఇంకెవరికీ తెలీదు. ఫోన్ తీసి నంబరు కూడా నొక్కాను. అవతల రింగవడం మొదలైంది. కట్ చేసేశాను.

“మతిమరుపు కాదు ఆంటీ. అది నా వయసు. చూపించాల్సింది నా కన్ను,” అన్నాను.

ఆ మాట పైకి అనడం నాకదే మొదటిసారి. అప్పుడొచ్చింది ఏడుపు. భర్త పోయి ఒక్కరోజే అయిన మనిషి నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని ఓదార్చారు. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది, అయినా జరిగింది అదే.

ఆ ఆసుపత్రిలో చేయించుకున్న కంటి పరీక్ష రిపోర్టు క్లబ్బుకి పంపాను. ఇంకా జవాబు రాలేదు. ఏదో ఒకటి తేలాక రాద్దామనుకుంటే, అప్పుడు నా గెలుపో ఓటమో రాస్తాను తప్ప సారు గురించి రాయలేనని ఇప్పుడే రాస్తున్నాను. ఫోన్ మోగినప్పుడల్లా ఇంకా భయమేస్తూనే ఉంది. నా భయాన్ని చూసి నవ్వకుండా, దానికి ఒక పని కల్పించిన మనిషి ఆయనొక్కరే. ఆయనకి ఆ మాట బతికుండగా చెప్పలేదు.

ఇక ఆ పరీక్ష సంగతి. చీటీలో రాసిన రోజు రానే వచ్చింది. అమ్మకి కూడా చెప్పి తీసుకెళ్ళాను. కౌంటర్లో చీటీ మీది సారు పేరు కొట్టేయించి నా పేరు రాయించాను. అమ్మ బయట బెంచీ మీద కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. నన్ను ఒక చీకటి గదిలో కూర్చోబెట్టి, కుడి కన్ను మూసి, తెల్లటి పెద్ద గిన్నెలాంటి యంత్రానికి గడ్డం ఆనించమన్నారు. చేతిలో ఒక బటన్ పెట్టారు. ఎదురుగా ఉన్న చుక్కనే చూడాలట. పక్కల్లో ఎక్కడైనా చిన్న వెలుగు కనిపిస్తే బటన్ నొక్కాలట. తల మాత్రం తిప్పకూడదట. మెడ నరాలు లాగేస్తున్నా కదలకుండా కూర్చున్నాను.

మొదట కొన్ని వెలుగులు కనిపించాయి, నొక్కాను. తర్వాత ఏమీ రాలేదు. యంత్రం లోపల టక్, టక్ అని చప్పుడు మాత్రం వినిపిస్తోంది. చప్పుడు అయినప్పుడల్లా ఎక్కడో ఒక వెలుగు వచ్చిపోతోందని నాకు అర్థమైంది. ఆ చప్పుడుని బట్టి నొక్కుకుంటూ పోతే చాలు, కన్ను బాగానే ఉందని వస్తుంది. బొటనవేలు బటన్ మీదే ఉంది. టక్ మంది. నొక్కలేదు. మళ్ళీ టక్ మంది.

“నిద్రపోయారాండీ?” అని చీకట్లోంచి పరీక్ష చేసే అమ్మాయి అడిగింది.

“లేదండీ, మేలుకునే ఉన్నాను,” అన్నాను. “ఏమీ కనబడట్లేదు.”