సూదిమొన మీద

మా వీధి దర్జీ గుండీల అత్తయ్య కుట్టే బట్ట మీంచి కళ్లెత్తదు, పెదాల మధ్య నుంచి సూది దించదు. కూతురి చదువుకోసం కంప్యూటర్ కూర్చాలని మిగతా భాగాలన్నీ కొన్నాక, కొత్త ప్రాసెసర్‌కు చేతిలో డబ్బు చాలలేదు. దుకాణదారు పక్కన పడేసినదాన్నే ఎంచుకుంది.

"దీని అడుగున పిన్నులు వంగిపోయాయమ్మా. ఒక్కటి విరిగినా చెత్తబుట్టే," అన్నాడతను.

"విరగనిస్తానా నాయనా?" అని ఆమె సూది తీసింది. వెంట్రుకల్లాంటి ఆ పిన్నుల్ని మొనతో ఒక్కొక్కటే నిలబెట్టసాగింది. అతను ఫ్యాను కట్టేసి ఊపిరి బిగబట్టాడు.

"అమ్మా, తుమ్మకే!" అంది కూతురు.

ఆఖరిదైన పదకొండోది లేచాక, ప్రాసెసర్‌ను దాని గూటిమీద ఆనించి వేళ్లు తీసేసింది. నొక్కకుండానే, నీళ్లలోకి దిగినట్టు, అది తన బరువుతోనే కూర్చుంది. అతను తీగలు కలిపి మీట నొక్కగానే తెర వెలిగింది. పాతికేళ్లుగా ఇదే పనిలో ఉన్న దుకాణదారు లేచి, తన కుర్చీని ఆమె వైపు జరిపాడు.