గట్టు మీద పారేసిన మిరపమొక్కలు

ఒక మంగళవారం సర్జాపుర బస్టాపులో జిగణి బస్సు కోసం నిలబడ్డాను. పక్కన కూలిపనికి వలస వచ్చిన రాయలసీమ దంపతులు ఉన్నారు. ముడత తెగులుతో తమ మిరపతోట మొత్తం పోయిందని, భర్త అందరికీ వినిపించేలా నాతో చెప్పాడు.

"తెగులు చెట్లు పీకి సంచిలో కట్టి కాల్చమంటే, ఈ మహాతల్లి గట్టుమింద పారేసింది సార్! వాటిమింద ఉండే తెల్లదోమంతా లేచి మంచి చెట్లమింద వాలి, వాటికీ తెగులు అంటిచ్చింది. ఇప్పుడు ఇటుకలు మొయ్యి, రాణీ!"

విన్నవారు నవ్వారు. ఆమె పక్కనున్న టీకొట్టు వైపు జరిగింది. కొట్టు ముందు డబ్బాలో ఉన్న మిరపమొక్కకు ఒక ఆకు ముడుచుకొని కనిపించింది. ఆమె దానిని అలవాటుగా గిల్లి, కింద వేయబోయి ఆగి, కొంగుచివర గట్టిగా ముడివేసుకుంది.

"ఇప్పుడొచ్చెనా బుద్ధి? ఇంగ నీకు తోటేడ ఉండాదని?" అన్నాడు భర్త.

బస్సెక్కేటప్పుడు ఆమె ఒక చేత్తో కడ్డీని, మరొక చేత్తో ఆ ముడిని పట్టుకుంది.