లారీ కనబడని రోడ్డు

ముందు పోయినవి చెబుతాను. కొత్త టైర్లు రెండు. బ్రేకు రబ్బర్లు నాలుగు. తోలు చెప్పుల జత. మూడు గిన్నెల క్యారియరు. ఖాకీ చొక్కా ఒకటి, దాన్ని మేమే తగలబెట్టాం. ఒక పరుపు, దాన్నీ తగలబెట్టాం. మా బావమరిది ఒంట్లోంచి ఆరు కిలోల బరువు. ఇరవై ఆరు రోజుల పని. ఇవన్నీ ఒక సోమవారం పొద్దున గంటా ఇరవై నిమిషాల్లో జరిగినదాని వల్లే పోయాయి.

దయ్యాల కథ చెప్పబోతున్నానని అనుకోవద్దు. నాకు దయ్యాల మీద నమ్మకం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నేను చదివింది ఏడో తరగతి. ఆ పైన లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. జంషెడ్‌పూర్‌లో పాత ఇనుము కొనే యార్డులో కాంటా దగ్గర పని చేస్తాను. తూకంలో తేడా వచ్చిందంటే తప్పు కాంటాదైనా కావాలి, మనిషిదైనా కావాలి. మూడోది ఉండదని ఇరవై ఏళ్లుగా నా నమ్మకం.

ఈ సంగతి తలుచుకుంటే నాకు భయం వేయదు, అసహ్యం వేస్తుంది. ఇప్పుడు రాస్తుంటే కూడా నోట్లో నీళ్లూరి ఉమ్మేయాలనిపిస్తోంది.

ఎనభైల మొదట్లో మాట. మేము జంషెడ్‌పూర్‌లోని భుయ్యాడీహ్‌ బస్తీలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. మేమంటే నేను, నా భార్య పైడమ్మ, ఆమె తమ్ముడు సింహాచలం. మాది శ్రీకాకుళం వైపు. సింహాచలం ఒక కార్ఖానాలో కాంట్రాక్టు పనివాడు. గాలి సుత్తితో ఇనుప దిమ్మల మీది పొక్కులు చెక్కే పని. ఆ మోతకి కుడి చెవి పూర్తిగా పోయింది. ఆస్పత్రిలో పరీక్ష చేసి, ఆ చెవిలో ఇంక ఏమీ లేదన్నారు.

చెవి పోయినందుకు అతను బాధపడలేదు. చిక్కంతా రోడ్డు మీద. ఎడమ పక్కన సైకిలు తొక్కుతూ వెళ్లేవాడికి లారీలు కుడి పక్కనుంచే వస్తాయి. హారన్ కొడితే అతనికి వినబడదు. కార్ఖానా రోడ్డేమో చూడడానికే రోత. డీజిల్ నూనె కలిసిన నల్లబురద, ఖైనీ ఉమ్ములు, లారీ కింద పడి చపాతీలా అతుక్కుపోయిన కుక్కలు. వానాకాలంలో వాటిని ఎవరూ తీయరు. ఒకరోజు ఒక లారీ అతని హ్యాండిల్‌కి తగిలింది. వెళ్లి మురుగు కాలువలో పడ్డాడు. ఇంటికి వచ్చేసరికి ముఖం నిండా మురుగు, పళ్ల మధ్య కూడా.

పైడమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. "మళ్లీ ఒక్కపాలి గుద్దిందంటే ఈడు ఉండడు. మాయమ్మకి ఏటని సెప్పీది? ఏదో దారి సూడు," అని నా వెంట పడింది.

దారి చూడడం నాకు ఇష్టమైన పనే. ఆదివారాలు సైకిలేసుకుని లారీలు తిరగని రోడ్లు వెతుక్కునేవాణ్ణి. నా సైకిలు ముందు చక్రానికి చిన్న మీటరు బిగించాను. చక్రం తిరిగినప్పుడల్లా ఊచకున్న మేకు దాన్ని తడుతుంది, కిలోమీటర్ల అంకె కదులుతుంది. ఆ అంకె ముందుకే వెళ్తుంది. వెనక్కి తిప్పడానికి వీలుండదు.

వెతగ్గా ఒక రోడ్డు దొరికింది. మా బస్తీ వెనక సువర్ణరేఖ నది ఒడ్డున మొదలవుతుంది. ఎప్పుడో ఏదో పనికి తారు పోసి వదిలేశారు. మొదట్లోనే ఒక కల్వర్టు కూలిపోయింది కాబట్టి లారీలు రాలేవు, సైకిలైతే ఎత్తుకుని దాటొచ్చు. మొదట వరి చేలు. తర్వాత సాల్ చెట్ల అడవి. దాని తర్వాత నల్లరాళ్ల మెట్ట, గోడలకు రంగులు దిద్దుకున్న ఆదివాసీల ఊరు ఒకటి, మామిడితోట. చివర్లో కార్ఖానా వెనక గేటుకి కాస్త ఇవతల లారీ రోడ్డులో కలుస్తుంది. మామూలు దారి అయిదు కిలోమీటర్లు, ఇది తొమ్మిది. నాలుగు కిలోమీటర్లు ఎక్కువైనా ప్రాణానికి అది చవకే.

ఆ కలిసే చోటు మాత్రం ప్రమాదం. లారీలు వేగంగా మలుపు తిరుగుతాయి. అందుకని సింహాచలానికి ఒక్కటే నియమం పెట్టాను. మొదటి లారీ కనబడగానే సైకిలు దిగి నడిపించుకుంటూ పో, అప్పటిదాకా ఆగకు, ఆరింటికల్లా గేటు దగ్గరుండాలి. ఆలస్యమైతే కాంట్రాక్టరు దగ్గర హాజరు రాసే మున్షీ వెనక్కి పంపేస్తాడు. సింహాచలం నా మాట జవదాటడు. ఎడమకి వెళ్లమంటే గోడ అడ్డమున్నా ఎడమకే వెళ్లే రకం.

మీటరున్న నా సైకిలు అతనికే ఇచ్చి, అతనిది నేను తీసుకున్నాను. కొత్త టైర్లు వేయించాను. మూడు ఆదివారాలు వెంట వెళ్లి చూపించాను. తర్వాత రెండు వారాలు ఒక్కడే వెళ్లొచ్చాడు. సాయంత్రం మీటరు చూస్తే రోజూ పద్దెనిమిదే. పైడమ్మ ముఖంలో మళ్లీ నవ్వు వచ్చింది.

ఆ ఆదివారం ఇద్దరం మంగలి దగ్గరికి వెళ్లి గడ్డం గీయించుకున్నాం. సాయంత్రం మీటరు 2106 చూపించింది. సోమవారం అయిదింటికి అతను బయల్దేరాడు. క్యారియరు హ్యాండిల్‌కి తగిలించింది నేనే.

ఆరూ ఇరవైకి నేను కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నాను. మొదట వాసన వచ్చింది. మురిగిన నూనె, తడి తోలు, చాలాకాలం కడగని నోరు, మూడూ కలిసినట్టు. కుళాయి దగ్గరున్న ఆడవాళ్లు కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. తల ఎత్తితే సందు మొదట్లో సింహాచలం సైకిలు పక్కన నిలబడి ఉన్నాడు.

పైడమ్మ చూసి, "ఒలమ్మా! ఎవులీడు?" అంది. సొంత తమ్ముణ్ణి పోల్చలేకపోయింది.

ముఖం నిండా గడ్డం. అందులో ఏదో జిడ్డు ఎండి పెచ్చులు కట్టింది. గోళ్లు పెరిగి, వాటికింద నల్లగా మట్టి. పెదాలు నల్లగా పగిలాయి. చొక్కా వీపుకి అతుక్కుపోయింది, ఊడదీస్తే చర్మం పొర వచ్చింది. చెప్పుల్లేవు. హ్యాండిల్ పట్టుకున్న వేళ్లు విడిపోలేదు. నేను ఒక్కొక్క వేలూ పట్టుకుని తీయాల్సి వచ్చింది. ఆ జిగురు నా చేతులకి రెండు రోజులు వదల్లేదు.

"బావా, గేటు కాడికి ఒచ్చీసినామేటి?" అన్నాడు.

లోపల పరుపు మీద కూర్చోబెట్టగానే కక్కాడు. నల్లటి నూనె లాంటిది, అందులో గింజలు. రేగు గింజ కన్నా సన్నగా, రెండు కొసలూ మొనదేలి ఉన్నాయి. పైడమ్మ ఫినాయిల్ పోసి నాలుగుసార్లు కడిగినా వాసన పోలేదు. ఆ గింజలు కొన్ని అగ్గిపెట్టెలో వేసి తెలిసిన వాళ్లందరికీ చూపించాను. ఊళ్లో సోనారి వైపు తోటపని చేసే ముసలాయన కూడా ఏ చెట్టువో చెప్పలేకపోయాడు. రెండు నెలలైనా కంపు పోకపోతే అగ్గిపెట్టెతో సహా నదిలో పారేశాను.

మూడో రోజు సింహాచలం మాట్లాడాడు. మామిడితోట దాటాక రోడ్డు ఆగలేదట. ఎర్రమట్టి అయిపోయి తెల్లమట్టి వచ్చిందట. రాళ్లు పేర్చిన గోడలు. కొండ మీది దాకా వరసగా పొట్టి చెట్లు, వాటి ఆకులు వెండి రంగు. తర్వాత చెట్టన్నది లేని పసుపు రంగు చేలు. సున్నం కొట్టిన ఊళ్లు, తలుపులన్నీ మూసి. మనిషి లేడు, కుక్క లేదు, ఈగ లేదు. రోడ్డు మాత్రం నున్నగా, నిన్ననే పోసినట్టు. ఆకలేస్తే చెట్ల కింద రాలిన కాయలు తిన్నాడు, విషంలా చేదట. దాహమేస్తే రాతి తొట్టిలో పాకుడు నీళ్లు తాగాడు. చెప్పులు ఎక్కడ తెగాయో, క్యారియరు ఎక్కడ పోయిందో తెలియదు.

"ఎన్ని రాత్రులు గడిచాయిరా?" అన్నాను.

"రాత్రి పడనేదు బావా."

"మరి వెనక్కి తిరగొచ్చు కదా!"

"నువ్వే గదేటి సెప్పినావు, లారీ అగుపడ్డాక దిగమని? ఒక్క లారీ రానేదు. నానేటి సేత్తాను?"

చివరికి లారీ హారన్ వినబడిందట. వెంటనే దిగాడు. చూస్తే మా సందు. ఏ చెవికి వినబడిందని అడిగితే కుడి చెవి మీద చెయ్యి పెట్టాడు. మా సందులోకి లారీ కాదు కదా, రిక్షా కూడా పట్టదు. ఆస్పత్రికి తీసుకెళ్లి మళ్లీ పరీక్ష చేయించాను. ఆ చెవిలో ఏమీ లేదు.

ఇప్పుడు సాక్ష్యాలు. అతను కళ్లముందు లేనిది గంటా ఇరవై నిమిషాలే, అది గడియారం లెక్క. మంగలి గడ్డం పట్టుకుని చూసి, "నేను నిన్ననే కదా గీశాను! ఇది పదిరోజుల గడ్డం. నా కత్తికి పేరు చెడగొట్టడానికి వచ్చారా?" అని నాతో తగువు పడ్డాడు. యార్డులో చిన్న కాంటా మీద నిలబెడితే, అంతకుముందు నెల అక్కడే తూచినదాని కన్నా ఆరు కిలోలు తగ్గాడు. మీటరు 2537 దగ్గర ఉంది. అంటే 431 కిలోమీటర్లు. పది రోజులకి పంచితే రోజుకి నలభై పైన, అతను తొక్కగలిగిందే. ఇంతవరకూ గడ్డమూ మీటరూ ఒప్పుకుంటున్నాయి.

టైర్లు ఒప్పుకోలేదు. నెలనాటి టైర్లు, పైగాట్లు పూర్తిగా అరిగి లోపలి దారాలు బయటపడ్డాయి, బ్రేకు రబ్బర్లు నాలుగూ ఇనుము దాకా అరిగాయి. అలా అరగాలంటే 431 సరిపోదు, వేల కిలోమీటర్లు కావాలి. మీటరులో నాలుగు అంకెలే ఉన్నాయి. 9999 దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఆ ఆలోచన వచ్చిన రోజు నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను.

మీటరు తప్పేమోనని కొలిచిన రోడ్డు మీద నడిపి చూశాను. సరిగ్గానే ఉంది. కొత్త టైర్లు వేసి ఆ రోడ్డంతా నేనే తొక్కాను. వరి చేలు, అడవి, మెట్ట, ఊరు, తోట, లారీ రోడ్డు. తొమ్మిది కిలోమీటర్లు. ఎక్కడా ఒక ఉమ్ము మరక లేదు, చచ్చిన కుక్క లేదు. ఆ శుభ్రం చూడలేక లారీ రోడ్డు మీదుగానే ఇంటికి తిరిగొచ్చాను. మళ్లీ ఆ రోడ్డు ఎక్కలేదు.

జనం మాట చెప్పకపోవడమే మంచిది. వారం పాటు మా గుమ్మం ముందు తిరణాలే. ముక్కులు మూసుకునే వచ్చారు, వచ్చి కిటికీలోంచి తొంగిచూసి పోయారు. టీ కొట్టువాడు ఈ కథ చెప్పి టీలు అమ్ముకున్నాడు. ఒక భూతవైద్యుడు నల్లకోడి తెమ్మన్నాడు, పైడమ్మ చీపురు తీసింది. మున్షీ అయితే, "దారూ తాగి పడుంటాడు. గేట్ పాస్ బంద్," అన్నాడు. ఇరవై ఆరు రోజులు అతని చుట్టూ తిరిగితే గాని పాసు తిరిగి ఇవ్వలేదు.

పాసు వచ్చిన రోజు సింహాచలం, "ఆ రోడ్డెంటే ఎల్తాను బావా. ఆడ పోరు నేదు. ఈసారి దిగను," అన్నాడు. పైడమ్మ గుమ్మంలో అడ్డం కూర్చుంది. "నన్ను దాటి ఎల్లు, సూత్తాను," అంది. అతను దాటలేదు. అక్క మాట కూడా అతనికి నియమమే.

అప్పటినుంచి ఇప్పటిదాకా, అయిదేళ్లయింది, కార్ఖానా రోడ్డు మీద అతనికి కుడి పక్కన నేను సైకిలు తొక్కుతూ గేటు దాకా దిగబెడతాను. లారీలు నన్ను రాసుకుంటూ పోతాయి. పొగ, బురద, ఉమ్ము, అన్నీ నా మీదే పడతాయి. పైడమ్మ రోజూ ఆ చొక్కా ఉతుకుతుంది. లారీ వచ్చినప్పుడల్లా నేను భుజం తడతాను, అతను తల ఊపుతాడు.

ఒక్కోరోజు మధ్యలో అడుగుతాడు, "ఇంకెంతుంది బావా?"

"గేటు వచ్చేసింది."

"గేటు కాదు. ఆ రోడ్డు."

మళ్లీ మనసులో లెక్క మొదలుపెడతాను. ఆ రోడ్డు పొడవు తొమ్మిది, అది నేనే కొలిచాను. అతను తొక్కింది 431, అది మీటరు చెప్పింది. అదీ తక్కువలో తక్కువ. ఎన్నిసార్లు తీసివేసినా, ఎవరి కింద రాయాలో తెలియక ఈ రోజుకీ తేలని బాకీ 422 కిలోమీటర్లు.