దీవించిన చెయ్యి

శంషాబాద్‌లో ఐలయ్య నడిపే గ్రంథాలయానికి ఏడాది ఖర్చంతా దసరా సాయంత్రమే రావాలి. ప్రపంచ యుద్ధంతో దీపంనూనె కూడా పిరమైంది. పెద్దల చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లకు మొక్కడం, వాళ్ల చెయ్యి తన తల మీద ఉండగానే గ్రంథాలయానికి జొన్నలు అడగడం ఆయన పద్ధతి. దీవించేవాళ్లు లేదనలేరు. ఈసారి ఆ పెద్దలు మిగల్లేదు. ఏ ఇంటికి పోయినా చిన్నవాళ్లే ముందుగా ఆయన చేతిలో జమ్మి పెట్టి వంగారు. దీవించిన చేత్తోనే సంచి ఎట్ల చాపుతాడు? మోకాళ్లు పీకుతుంటే, ఖాళీ సంచి చంకలో పెట్టుకొని చివరికి, ఊళ్లో తనకన్నా పెద్దగా మిగిలిన ఒక్క ముత్తమ్మ గడప ఎక్కాడు. వంగగానే ముసలమ్మ చెయ్యి తల మీద పడింది.

"బాగ అలిసినవ్ బిడ్డా, జర కూసో," అంది.

ఐలయ్య కూర్చున్నాడు. సంచి చంకలోంచి తియ్యనే లేదు.