ఆరు జెర్సీల బొంత

మా చిన్నప్పుడు... రెండు వేల మూడో, నాలుగో అనుకుంటా... హెండర్సన్‌లో మా ఇంట్లో పాత బట్ట అనేదే ఉండేది కాదు. నాలుగు సూట్‌కేసులతో న్యూజిలాండ్ వచ్చిన వాళ్ళం. అన్నీ కొత్తవే.

అమ్మకి పురుడు పోయడానికి కాకినాడ నుంచి వచ్చిన అమ్మమ్మకి అదే బెంగ. పసిగుడ్డుని కొత్తబట్ట మీద పడుకోబెట్టకూడదు, నలిగిన పాతబట్టతో కుట్టిన బొంతే కావాలని ఆవిడ పట్టు. నాన్న షాపు నుంచి మెత్తటి దుప్పటి తెస్తే కన్నెత్తి చూడలేదు.

మా పక్కింట్లో మిలాన్ అంకుల్ ఉండేవారు. సెర్బియా ఆయన. ఒకప్పుడు ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్‌లో గార్డు... అంటే బంతిని నడిపించుకొచ్చి, బుట్టలో వేసే అవకాశం పక్కవాడికి అందించేవాడు. రిటైరయ్యాక శనివారాలు స్కూల్ హాల్లో మాకు నేర్పేవారు. నేను తొందరపడి బంతి విసరబోతే "తలెత్తు! ఎవరు ఖాళీగా ఉన్నారో చూడు!" అని అరిచేవారు. ఖాళీ అంటే ఎదుటి జట్టువాడు ఎవడూ అడ్డం లేనివాడు... బంతి వాడికే అందించాలి.

ఒకసారి క్లాసులో మాకు నచ్చిన మనిషి గురించి చెప్పమన్నారు. నేను ఆయన్ని ఎంచుకున్నాను. ఆయన తన ఆరు జెర్సీలూ సంచిలో పెట్టి ఇచ్చారు... పన్నెండేళ్ళ ఆట, ఆరు ఊళ్ళు. "జాగ్రత్త" అని ఒక్క మాటే అన్నారు. నేను ఆ సంచి వాషింగ్ మెషీన్ పక్కన పడేసి ఆటలకి పోయాను.

వచ్చేసరికి అమ్మమ్మ ముఖం వెలిగిపోతోంది.

"ఏవే, ఇంత మంచి పాత బనియన్లు పెట్టుకుని లేవంటారేంటే!"

ఆరింటినీ కోసేసి, పేర్చి, టాకాలు కూడా వేసేసింది. సంగతి చెప్పగానే ఆవిడ ఏడ్చేసింది. తప్పు నాది, ఏడుపు ఆవిడది. కళ్ళు తుడుచుకుని, బొంత చంకన పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని పక్కింటికి నడిచింది.

మిలాన్ అంకుల్ బొంతని టేబుల్ మీద పరిచి, ఒక్కో ముక్క మీద చెయ్యి పెట్టారు. బెల్‌గ్రేడ్, మొదటి మ్యాచ్. ఏథెన్స్, కప్పు గెలిచిన ఏడాది. ఇస్తాంబుల్, కూతురు పుట్టింది అక్కడే... మధ్యలో ఉన్న ఎర్రముక్క దగ్గర ఆ చెయ్యి ఆగిపోయింది.

"మీ అమ్మమ్మ దీన్ని మధ్యలో ఎందుకు పెట్టారు?"

"అదొక్కటే రంగు వెలవలేదు బాబూ... అందంగా ఉందనీ..." అంది అమ్మమ్మ. నేను ఇంగ్లీషులో చెప్పాను.

ఆయన నవ్వారు, కళ్ళనీళ్ళతోనే. అది ఆఖరి టీముదట. మోకాలు దెబ్బతిని ఆ సీజనంతా బెంచీ మీదే కూర్చున్నారట. అది వేసుకుని ఒక్క నిమిషం కూడా ఆడలేదట.

అమ్మమ్మ బొంత ఆయన చేతుల్లో పెట్టేసింది. "నీ సొమ్ము బాబూ, నీ దగ్గరే ఉండాలి." ఆయన కాదనలేదు. అడిగే మొహం మాకెక్కడిది?

తమ్ముణ్ణి ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు ఆయనే తలుపు తట్టారు. ఉతికి మడతపెట్టిన బొంత అమ్మమ్మకి అందించి, ఉయ్యాలలోకి తొంగిచూసి అన్నారు... "వీడు ఖాళీగా ఉన్నాడు."

అమ్మమ్మ మిగతా కుట్లు ఆ పూటే వేసేసింది.

ఇప్పుడు మా అలమారాల నిండా పాత బట్టలే... కోసి కుట్టే అమ్మమ్మ లేదు. మిలాన్ అంకుల్ సెర్బియా వెళ్ళిపోయారు. మీ ఇంటి బొంతల్లో ఎవరెవరి బట్టలున్నాయో రాయండి, చదవాలనుంది.

మా బొంత ఇంకా ఉంది. మధ్యలో ఎర్రముక్క మాత్రం పూర్తిగా వెలిసిపోయింది. ఒక్క నిమిషం కూడా ఆడని ఆ జెర్సీని, దాని మీదే పొర్లి పొర్లి, మా తమ్ముడు అరగదీశాడు.