మూడింతలూ, ఇంకాస్తా

మా బడిలో ఐదో తరగతికి లెక్కలు చెప్పే ఆవిడని పిల్లలు చాటుగా 'సున్నా టీచరు' అనేవాళ్లు. సున్నా మార్కులు వేస్తుందని కాదు. సుద్దముక్క ఆనించి భుజం ఒక్కసారి తిప్పిందంటే, నల్లబల్ల మీద పోత పోసినట్టు గుండ్రం వచ్చేది. కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు నమ్మలేక కంపాసు తెచ్చి మరీ సరిచూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"కంపాసే మీ దగ్గర నేర్చుకోవాలండీ!" అన్నాడు.

"పాపం, దానికి ఒంటికాలి మీద తిరగడం తప్ప ఏమొచ్చు?" అంది ఆవిడ.

నేను పక్కగదిలో రెండో తరగతి చెప్పేదాన్ని. మధ్యలో పల్చటి చెక్క అడ్డు. ఆవిడ పాఠం సగం నా పిల్లలే వినేవాళ్లు. వృత్తాల పాఠం రోజున అందరూ ఇంటి నుంచి డబ్బామూతో, పళ్లెమో తెచ్చుకోవాలి. "చీమ అంచు మీద షికారు చేస్తే అది చుట్టుకొలత. మధ్యలోంచి అడ్డంగా దాటేస్తే వ్యాసం. లోపల చోటంతా నాకేసి పోతే వైశాల్యం" అని ఆవిడ అంటే అటు పిల్లలూ ఇటు పిల్లలూ ఒకటే నవ్వు. తర్వాత మూత చుట్టూ దారం చుట్టి, దారం మళ్లీ మొదటి కొసని కలిసినచోట తెంపి, ఆ దారాన్ని మూత మధ్యలో అడ్డంగా ఎన్నిసార్లు పరచొచ్చో చూడమనేది.

ఆ ఏడాది మూడో బెంచీలో ఒక పిల్ల ఉండేది. ఏది చెప్పినా "ఎందుకు?" అనేది కాబట్టి స్టాఫ్ రూములో మేం దానికి 'ఎందుకమ్మ' అని పేరు పెట్టాం.

"టీచర్, మూడుసార్లు వచ్చి ఇంకా కొంచెం మిగిలింది" అంది.

"అందరికీ మిగులుతుంది, కూర్చో."

"ఎందుకు మిగులుతుంది టీచర్? పెద్ద గుండ్రానికీ ఇంతే మిగులుతుందా?"

నిమిషంలో చెప్పేయగల సంగతి. కానీ పిల్లలు తమంతట తాము కనుక్కుంటే ఆవిడకి ముచ్చట. "నువ్వే చూసి చెప్పు తల్లీ. ఎంత పెద్ద గుండ్రం దొరికితే అంత పెద్దది కొలువు. సోమవారం నువ్వే అందరికీ పాఠం చెప్దువుగాని" అంది. చెక్క ఇవతల నేనూ విన్నాను.

ఆదివారం మధ్యాహ్నం పంపుహౌసు వెనకాల ఉన్న సిమెంటు తొట్టిలో ఆ పిల్ల పడిపోయింది. గుండ్రటి తొట్టి, నడుమెత్తు గోడ, నిండా నీళ్లు. మూత సగం విరిగిపోయి ఎన్నాళ్లయిందో. ఎవరో చూసి బయటికి తీసేసరికే అంతా అయిపోయింది. అంచున పొడుచుకొచ్చిన ఇనపచువ్వకి తెల్లదారం ముడేసి ఉంది. గోడ వెంట సగందాకా వచ్చి ఆగిపోయింది.

వాళ్లమ్మ దర్జీ. తల్లీ కూతుళ్లిద్దరే ఉండేవాళ్లు. మేమంతా వెళ్లేసరికి ఆమె వచ్చినవాళ్లందరినీ ఒకటే అడుగుతోంది. "ఆ తొట్టి దగ్గర దానికేం పని? నా మిషను మీది దారం ఎందుకు పట్టుకెళ్లింది?"

సున్నా టీచరు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆవిడ పెదవులు కదిలాయి. ఈలోగా వెనక ఎవరో "ఏమోనమ్మా, పిల్లచేష్టలు" అన్నారు. ఆ క్షణం అలా దాటిపోయింది. చెబితే ఆవిడే చెప్పాలని నేనూ నోరు మెదపలేదు.

ఆ తర్వాత ఆవిడ చేత్తో గుండ్రం గీయలేకపోయింది. భుజం తిరిగేది, కానీ చివరలు కలిసేవి కావు. డబ్బామూత పెట్టి గీసేది. వృత్తాల పాఠం రాగానే బోర్డు మీద సూత్రాలు రాసి, "ఎక్కించుకోండి" అని కిటికీ వైపు తిరిగేది. చెక్క ఇవతల నా పిల్లలకి ఆ రోజు నవ్వేం వినిపించేది కాదు.

గుండ్రటిది ఏది కనిపించినా ఆవిడ చూపు దాని అంచు వెంట తిరిగేది. సైకిలు చక్రం, బకెట్టు, ఆఖరికి టీ కప్పు అడుగున మిగిలిన మరక. హాజరుపట్టీ మూసేటప్పుడు మూడో బెంచీ నుంచి "టీచర్, ఇంకా కొంచెం మిగిలింది" అని వినిపించేదట. ఏదో సాకు చెప్పి ఆ బెంచీని సామాన్ల గదిలో వేయించింది. బెంచీ లేని ఖాళీలోంచి వినిపించేది. దర్జీ కొట్టున్న వీధి మానేసి చుట్టుతోవన బడికి వచ్చేది. అలా తొమ్మిదేళ్లు.

తొమ్మిదో ఏట బడి వార్షికోత్సవంలో నాట్యానికి ఆడపిల్లలకి గుండ్రంగా విచ్చుకునే పరికిణీలు కుట్టించాలనుకున్నారు. హెడ్మాస్టరు కొలతల కాగితం ఆవిడ చేతికిచ్చి, "ఆ మూల కొట్టు దర్జీకి ఇచ్చి రండి" అన్నాడు. వెళ్లననాలంటే కారణం చెప్పాలి. ఆ కారణమే కదా ఇన్నేళ్లుగా దాస్తున్నది.

వెళ్లింది. దర్జీ కాగితం తీసుకుని, తల ఎత్తకుండానే "కూర్చోండి టీచరుగారూ" అంది.

ఆవిడ కూర్చోలేదు. "ఆ రోజు మీరడిగారు, దారం ఎందుకు పట్టుకెళ్లిందని. నేనే కొలవమన్నానమ్మా. ఎంత పెద్దది దొరికితే అంత పెద్దది కొలవమన్నాను."

మిషను ఆగింది.

"నాకు తెలుసు" అంది దర్జీ. "దాని పక్కన కూర్చునే పిల్ల వారం తిరక్కుండానే చెప్పింది. మీరొస్తారని చూశాను. మొదటి ఏడాది రోజూ చూశాను. తర్వాత చూడటం మానేశాను."

దర్జీ బల్ల మీద గుడ్డ పరిచి, సుద్దతో ఒక చుక్క పెట్టింది. "ఇంతకీ అది ఏం తేల్చుకుందామని వెళ్లింది?"

టీచరు చెప్పింది. చిన్న గుండ్రమైనా పెద్దదైనా వ్యాసానికి మూడింతలు పోగా ఇంకాస్త మిగులుతుందనీ, గుండ్రం పెద్దదైతే ఆ మిగిలేదీ పెరుగుతుందనీ, కానీ ఎప్పుడూ వ్యాసంలో ఇంచుమించు ఏడో వంతేననీ.

దర్జీ చేతిలో సుద్ద ఆగిపోయింది. "పరికిణీ కోసేటప్పుడు నడుము కొలతని ఆరు భాగాలు చేసి, ఒక భాగంలోంచి పిసరు తగ్గిస్తాను. అంత దూరంలో టేపు తిప్పి గుండ్రం గీస్తాను. పిసరు ఎందుకు తగ్గించాలో మా అమ్మ చెప్పలేదు. ఆ మిగిలేదాని గురించేనా?"

"అదేనమ్మా."

"అయితే నాకు తెలిసిన లెక్కే." దర్జీ సుద్ద కింద పెట్టేసింది. "అది నన్నడిగితే నేనే చెప్పేదాన్ని కదా. ఈ బల్ల మీదే చూపించేదాన్ని కదా."

తర్వాత దర్జీ కళ్లు తుడుచుకుని, "గురువారానికి ఇస్తాను. ఇక వెళ్లండి" అంది. క్షమించాననలేదు, తిట్టలేదు.

టీచరు తిన్నగా హెడ్మాస్టరు గదికి వెళ్లి అంతా చెప్పింది. "ఇన్నేళ్లయ్యాక ఎందుకు తవ్వుకోవడం?" అన్నాడాయన. ఆవిడ వినలేదు. మా అందరి ముందూ మళ్లీ చెప్పింది. పంపుహౌసు వాళ్ల చుట్టూ ఏడాదిపాటు కాళ్లరిగేలా తిరిగి, ఆ తొట్టిని మట్టితో పూడ్పించింది.

ఇప్పుడు ఇద్దరం రిటైరయ్యాం. మొన్న వాళ్లింటికి వెళ్లినప్పుడు అడిగాను. "చెప్పేశాక మనసు కాస్త తేలికపడిందా అక్కా?"

"లేదే. నా బరువు దించుకోవడానికి ఆమె దగ్గరికి వెళ్లానేమో అనిపిస్తుంది. దారం ఎందుకని అడిగిన మనిషిని, 'నా కూతురు నన్నెందుకు అడగలేదు' అని ఏడ్చేలా చేసి వచ్చాను."

ఇంతలో బడి గంట వినిపించింది. ఆవిడ మాట మధ్యలోనే లేచి, చెప్పుల్లేకుండా గేటు దాకా వెళ్లి నిలబడింది. పిల్లలు గుంపులుగా వస్తున్నారు. పంపుహౌసు సందు వైపు ఎవరైనా తిరుగుతారేమోనని ఒక్కొక్కరినే చూస్తోంది. అక్కడ తొట్టి లేదని ఆవిడకి తెలుసు. వీధి ఖాళీ అయ్యేదాకా లోపలికి రాలేదు.